పాత కారు తలుపు బందులు: అరుగుదల, మరమ్మత్తు

కారు అనగానే మన దృష్టి ముందుగా ఇంజను మీదికి పోతుంది. దాని శక్తి ఎంత, వేగం ఎంత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది అని విచారిస్తాము. ఆ తరువాత రంగును, దీపాలను, మెత్తని ఆసనాలను చూస్తాము. తలుపును మోసే బందును మాత్రం ఎవరూ తలచుకోరు. అది సవ్యంగా పనిచేసినంతకాలం దాని ఉనికియే మనకు తెలియదు. అరిగిన తరువాత తెలుస్తుంది. తలుపు క్రిందికి జారుతుంది. గడియ తన చోట పడదు. మూయవలెనంటే తలుపును ఎత్తి విసరవలసి వస్తుంది. వానకాలంలో సందులగుండా నీరు లోపలికి దిగుతుంది. గతుకుల బాటలో సగము పడిన గడియ ఊడి, నడుస్తున్న కారు తలుపు తెరుచుకొనే ప్రమాదమున్నది. ఇంత అనర్థానికి మూలం చిటికెన వ్రేలు లావుండే ఒక చీల, అది తిరిగే ఒక చిన్న రంధ్రం.

ఈ వ్యాసంలో మనము ఆ చీలను గూర్చి, దాని అరుగుదలను గూర్చి, దానిని సరిచేసే విధానాన్ని గూర్చి తెలుసుకొందాము. విషయం చిన్నదే. కాని భౌతికశాస్త్రంలో తులాదండ సూత్రాన్ని, రసాయనశాస్త్రంలో తుప్పును గూర్చి చదువుకొన్న విద్యార్థికి ఆ పాఠాలు రెండూ ఒకేచోట కనబడే తావు ఇది. అన్నిటినీ కలిపి చెప్పవలసిన సూత్రం ఒక్కటే: అరగవలసినది చవకగా చేయించుకోగల చీల, కాపాడవలసినది మరల దొరకని బందు. మరమ్మత్తు ఈ క్రమాన్ని తారుమారు చేస్తే అది మరమ్మత్తు కాదు.

పేరులోని భావము

మన ఉర్దూ విద్యార్థులకు బందు ‘కబ్జా’గా పరిచితము. ఆ మాటకు పట్టు అనీ, స్వాధీనము అనీ కూడా అర్థం. తెలుగు వాడుకలో కబ్జా అనగానే పరుల భూమిని ఆక్రమించుకోవడమే స్ఫురిస్తున్నది గాని, వడ్రంగి పెట్టెలోని కబ్జా పాపమెరుగనిది. తెలుగులో ‘బందు’ అన్నా, ‘మడత బందు’ అన్నా కట్టి ఉంచేది, పట్టి ఉంచేది అనే భావమే. రెండు భాషలవారూ వస్తువులోని ఒకే గుణాన్ని చూచి పేరు పెట్టారు. తలుపు కదలాలి, కాని పట్టు తప్పకూడదు. కదలికకూ పట్టుకూ మధ్య సమతూకమే బందు చేసే పని.

దాని నిర్మాణం సులభము. రెండు రెక్కలు ఉంటాయి. ఒకటి కారు స్తంభానికి, రెండవది తలుపుకు మరలతో బిగింపబడుతుంది. రెక్కల అంచున గుండ్రని గొట్టాలు ఉంటాయి. ఒక రెక్క గొట్టాల మధ్య రెండవ రెక్క గొట్టం ఇమిడి, వాటన్నిటి గుండా ఉక్కు చీల దూరుతుంది. దీనినే మెకానిక్కులు పిన్ను అంటారు. చీల ఒక రెక్కలో బిగువుగా కదలక ఉంటుంది. రెండవ రెక్క దాని చుట్టూ తిరుగుతుంది. కాబట్టి అరుగుదల జరుగవలసినది ఈ తిరిగే చోటనే.

ఏ కార్లను గూర్చి చెప్పుచున్నాము?

మొదటి తరం మోటారు కార్లకు శరీరాన్ని నిర్మించినవారు గుర్రపు బగ్గీలు చేసే పనివారే. కొయ్య చట్రం మీద లోహపు రేకు తొడిగి, ఆ కొయ్యకే మరలతో బందులు బిగించేవారు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనకు ఉంచిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు రాచవాహనము, ఆ తరానికి చెందినది. అటువంటి కొయ్య చట్రపు బండ్లలో తలుపు జారితే చీలను మాత్రమే అనుమానింపరాదు. మర పట్టిన కొయ్య పుచ్చిపోయి ఉండవచ్చు.

సామాన్యులు ఎరిగిన పాత కారు అంబాసిడరు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దానికి మాతృక. 1950 దశకం చివరి నుండి 2014 వరకు హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపాన ఉత్తరపారాలో దానిని తయారుచేశారు. దాని ఉక్కు శరీరమంతా ఒకే పెట్టెగా అతుకబడినది. వేరే చట్రము లేదు. కాబట్టి బందును మోసే స్తంభానికి తుప్పు పడితే అది కారు బలానికే దెబ్బ. దాని సమకాలికురాలు ఫియట్ 1100. 1950 దశకపు ఆ కార్లలో ముందు తలుపులకు బందులు వెనుక వైపున ఉండేవి. అటువంటి తలుపు నడకలో ఏ కొంచెం తెరుచుకొన్నా ఎదురుగాలి దానిని మూయదు. పట్టి వెనుకకు విసరివేస్తుంది. ఆ కారులో బందు, గడియ రెండూ ప్రాణరక్షకములని వేరుగా చెప్పనక్కరలేదు.

నౌపడ గాలి

ఈ విషయం మన ప్రాంతానికి విశేషించి ఎందుకు అవసరమో గమనింతము. నౌపడ అనగానే ఉప్పు మడులు తలపునకు వస్తాయి. తూర్పున భావనపాడు తీరం, ఉత్తరాన పలాస జీడితోటలు, కొబ్బరి పనసలతో పచ్చని ఉద్దానం. కన్నుకు ఇంపైన ఈ నేల మీద వీచే గాలి ఇనుముకు మాత్రం మిత్రం కాదు. సముద్రపు తుంపరలోని ఉప్పు కంటికి కనబడని పొడిగా గాలిలో వచ్చి ప్రతి సందులోనూ చేరుతుంది.

శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు నీటిని పీల్చి కరుగుతుంది. కాని సముద్రపు ఉప్పు శుద్ధమైనది కాదు. దానిలోని మెగ్నీషియం క్లోరైడు అంతకంటె చాల తక్కువ తేమలోనే చెమ్మగిల్లుతుంది. ఉప్పు మడులలో చివరకు మిగిలే చేదు నీటిని ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కనుకనే మిట్టమధ్యాహ్నం పైకి పొడిగా కనబడే కారు తలుపు సందులో లోపల సన్నని ఉప్పునీటి పొర నిలిచియుండవచ్చు. ఇనుము, గాలి, ఉప్పునీరు మూడూ కలిసినచోట తుప్పు త్వరపడుతుంది.

తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. చీలకూ గొట్టానికీ మధ్య అది ఉబ్బి బందును బిగదీస్తుంది. బలవంతాన తెరచినప్పుడు పొడియై రాలుతుంది. ఆ పొడి, రోడ్డు ధూళి, పాతబడిన గ్రీజు కలిసి సానరాయి ముద్ద వలె పనిచేస్తాయి. అప్పటినుండి తలుపు తెరచిన ప్రతిసారీ మనమే చీలను ఆకురాయితో రాచినట్లవుతుంది. వానలేని మెట్టప్రాంతపు కారులో వాడుక వలన బందు అరుగుతుంది. మన తీరంలో వాడక మూలనుంచిన కారులో కూడ బందు చెడుతుంది.

భారము ఎట్లు పడుతుంది?

లెక్కకు ఒక తలుపును తీసికొందాము. బరువు 24 కిలోలు, బందుల నుండి గడియ వరకు పొడవు 90 సెంటీమీటర్లు, పై బందుకూ క్రింది బందుకూ మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకొందాము. తలుపు బరువు దాని నడుమ, అనగా బందులకు 45 సెంటీమీటర్ల దూరంలో, కేంద్రీకరిస్తుంది. 24ను 45తో హెచ్చవేసి 30తో భాగిస్తే 36 వస్తుంది. అనగా పై బందును 36 కిలోల బలం స్తంభం నుండి బయటికి లాగుతున్నది. క్రింది బందును అంతే బలం లోపలికి నెట్టుతున్నది. తలుపు బరువు నిలువుగా మోయడం దీనికి అదనము.

ఇప్పుడు కారు దిగే మనిషి తలుపు కొనను పట్టుకొని 20 కిలోల బరువు మోపినాడనుకొందాము. 20ను 90తో హెచ్చవేసి 30తో భాగిస్తే 60. మునుపటి 36తో కలిసి అది 96 కిలోలైనది. తలుపును ఊతకర్రగా వాడరాదని డ్రైవర్లు ఎందుకు గద్దిస్తారో ఈ లెక్క చెబుతున్నది. డ్రైవరు వైపు తలుపు అన్నిటికంటె ముందు జారడానికి కారణమూ ఇదే. దినమునకు ఎక్కువసార్లు తెరువబడేది అది. ఊతగా పట్టుకోబడేదీ అదే.

అరుగుదల చిన్నదైనా ఫలితం పెద్దదిగా కనబడుతుంది. పై బందు అర మిల్లీమీటరు బయటికి, క్రింది బందు అర మిల్లీమీటరు లోపలికి జరిగితే 30 సెంటీమీటర్ల ఎత్తులో ఒక మిల్లీమీటరు వాలు ఏర్పడుతుంది. గడియ అంతకు మూడురెట్ల దూరాన ఉన్నది కాబట్టి అక్కడ తలుపు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. గడియ తన గూటిని తప్పడానికి అది చాలు.

రోగనిర్ణయము

జారిన తలుపుకు కారణం చీల ఒక్కటే కాదు. వైద్యుడు నాడి చూచినట్లు ముందు పరీక్షింపవలెను. తలుపును ఒక అడుగు మేర తెరచి, ఒకరు దాని కొనను మెల్లగా పైకెత్తి దింపాలి. మరొకరు బందు గొట్టాలు కలిసే సందు మీద వ్రేలు ఆనించి ఉంచాలి. కన్ను పోల్చలేని కదలికను వ్రేలికొన పోల్చుతుంది. గొట్టాలు ఒకదానిమీద ఒకటి జరిగితే చీల గాని, రంధ్రం గాని అరిగినది. రెక్క మొత్తం స్తంభం మీద కదిలితే మరలు వదులైనవి. రెక్కతోపాటు స్తంభపు రేకే ఊగితే తుప్పు లోపలికి పోయినదని అర్థం. అప్పుడు బందు పని ఆపి, ముందు స్తంభాన్ని టింకరు చేత బాగుచేయించవలెను. పుచ్చిన స్తంభానికి క్రొత్త చీల వలన ప్రయోజనం లేదు.

తలుపు అడుగు అంచును కూడా చూడాలి. అక్కడ నీరు పోయే సన్నని రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడిపోతే వాననీరు తలుపులో నిలిచి బరువును పెంచుతుంది, అడుగు రేకును తింటుంది. తలుపు ఎక్కువగా తెరుచుకోకుండా ఆపే పట్టీ తెగి ఉన్నదేమో గమనించాలి. తెగినచో సముద్రపు గాలి తలుపును ఒక్క విసురున వెనుకకు కొట్టి, మంచి బందును కూడా వంచివేస్తుంది.

చేయరాని పనులు

తొందరలో చేసే చికిత్సలు కొన్ని ఉన్నాయి. గడియ అందడం లేదని గడియ గూటిని క్రిందికి దించడం మొదటిది. ఇది రోగాన్ని వదలి లక్షణాన్ని దాచడమే. చీల అరుగుతూనే ఉంటుంది; తలుపు ఇంకా దిగుతుంది. బందు సందులో కొయ్యముక్క పెట్టి తలుపును నెట్టి రెక్కను వంచడం రెండవది. తలుపు కొంత ఎత్తుకు లేచినట్లు కనబడినా చీల వదులు పోదు. రంధ్రంలో డబ్బారేకు ముక్కను చుట్టి దూర్చడం మూడవది. కొద్దికాలంలో ఆ రేకు నలిగి, ముక్కలై, రంధ్రాన్ని మరింత గీరుతుంది. చీలను రెక్కలకు వెల్డింగు చేయడం అన్నిటికంటె చెడ్డది. చీల మరల ఎన్నటికీ ఊడిరాదు; అద్దాల రబ్బరు, లోపలి గుడ్డ అంటుకొనే భయం వేరు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

సరియైన విధానము

పని మొదలుపెట్టుటకు ముందు తలుపు చుట్టూ ఉన్న సందులను కొలిచి వ్రాసుకోవాలి. రెక్కలు ఎక్కడ బిగింపబడి ఉన్నవో వాటి అంచుల వెంట సన్నని గీత గీయాలి. తలుపు క్రింద జాకీ పెట్టి, దానిపై కొయ్య పలక, పలకపై మెత్తని గుడ్డ పరచి, బరువు దానిపై ఆనేటట్లు చేయాలి. తలుపును ఆపే పట్టీని ముందుగా విడదీయాలి. రెండు బందులనూ ఒక్కసారి విప్పరాదు. ఒకటి పట్టియుండగా రెండవది విప్పితే తలుపు తన స్థానాన్ని మరువదు.

తుప్పు పట్టిన మరలు తల అరిగిపోతే పని రెట్టింపవుతుంది. కాబట్టి ముందటి రోజు రాత్రే కిరసనాయిలు, పలుచని నూనె కలిపి మరల మొదళ్లలో పోసి నానబెట్టాలి. మర తలలోని రంగును గీకివేసి, సరిగా ఇమిడే స్క్రూడ్రైవరును ఆనించి, దాని పిడి మీద సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేసి తిప్పితే సాధారణంగా కదులుతుంది. రెక్క వెనుక పలుచని రేకులు దొరికితే పారవేయరాదు. అవి సందును సరిచేయడానికి కర్మాగారంలో పెట్టినవి. ఏ బందు వెనుక ఎన్ని ఉన్నవో గుర్తుపెట్టి అక్కడికే చేర్చాలి.

బందును బెంచి వైస్‌లో పట్టి, చీలకంటె కొంచెం సన్నని పంచితో చీలను దింపాలి. చీల ఒక కొన ఉబ్బి ఉంటే ముందు దానిని ఆకురాయితో సమం చేయాలి. చీల బయటికి వచ్చిన తరువాత వెర్నియర్ కాలిపర్సుతో కొలవాలి. గొట్టంలో దాగి అరగని భాగం అసలు కొలతను చెబుతుంది. సన్నబడిన భాగం నష్టాన్ని చెబుతుంది. రంధ్రాన్ని రెండు దిశలలో కొలవాలి. కొలతలు సమానమైతే రంధ్రం గుండ్రముగానే ఉన్నది. క్రొత్త చీల చాలు. భేదమున్నచో అది కోడిగ్రుడ్డు ఆకారానికి వచ్చినది. దానికి బుష్షు కావాలి.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటున్నది. గ్రుడ్డు ఆకారపు రంధ్రంలో చేతి డ్రిల్లు పెడితే అది తేలికగా తోవ దొరికిన వైపుకే, అనగా అరిగిన వైపుకే, ఒరుగుతుంది. రంధ్రం గుండ్రనవుతుంది గాని దాని కేంద్రం జరిగిపోతుంది. తలుపు శాశ్వతంగా వంకరవుతుంది. కాబట్టి రెక్కను లేతు మిషనులో గాని, డ్రిల్లు యంత్రపు వైస్‌లో గాని కదలకుండా బిగించి, గొట్టపు వెలుపలి గుండ్రాన్ని ఆధారం చేసికొని అసలు కేంద్రాన్ని పట్టుకోవాలి. తరువాత బుష్షు పట్టేటంత మాత్రమే లోపలిని తొలవాలి. తీసిన లోహం మరల రాదు. గొట్టపు గోడ పలుచనైతే బందే చీలుతుంది.

లేతు మీద చేయించిన బుష్షును సుత్తితో కొట్టరాదు. వైస్ దవడల మధ్య మెల్లగా నొక్కి ఎక్కించాలి. తరువాత రెండు రెక్కలను జోడించి, గొట్టాలన్నిటి గుండా ఒకేసారి రీమరు త్రిప్పాలి. రంధ్రాలు ఒకే సరళరేఖలో ఉండడానికి ఇదే ఉపాయం. క్రొత్త చీల తిరిగే చోట మిల్లీమీటరులో నూరవ వంతులు మూడు నాలుగు వదులు ఉంటే చాలు. బిగువుగా ఉండవలసిన చోట అసలే వదులు ఉండరాదు. చీలను పైనుండి క్రిందికి దింపేటట్లు తలతో చేయిస్తే, ఎప్పుడైనా వదులైనను జారి పడిపోదు.

బుష్షుకు ఏ లోహము?

కంచు జాతికి చెందిన గన్ మెటల్ బుష్షు చీలమీద నునుపుగా తిరుగుతుంది. తాను అరిగి చీలను, బందును కాపాడుతుంది. కాని మన తీరంలో ఒక జాగ్రత్త అవసరం. వేరువేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకితే బ్యాటరీలో వలె స్వల్ప విద్యుత్తు పుడుతుంది. కంచు, ఉక్కు కలిసినచోట కరగిపోయేది ఉక్కే. కాబట్టి కంచు బుష్షు వేసిన బందులో గ్రీజు ఎన్నడూ ఆరిపోనీయరాదు. కారు ఎక్కువగా మూలనే ఉండేదైతే ఉక్కు బుష్షే మేలు. నిత్యం వాడే కారుకు కంచు, అరుదుగా తీసే కారుకు ఉక్కు అని గుర్తుంచుకోవచ్చు.

బందును తిరిగి బిగించేటప్పుడు పాత గీతలకు సరిగా ఆనించి, మరలను సగము బిగించి, తలుపును మెల్లగా మూసి సందులు చూడాలి. అంతటా సమానమైన తరువాత పూర్తిగా బిగించాలి. గడియ గూటిని సరిచేయడం చిట్టచివరి పని. దానితో ఆరంభించినవాడు తప్పుతో ఆరంభించినట్లే.

తరువాతి రక్షణ

నెలకు ఒకసారి పాత గ్రీజును తుడిచి, పలుచని నూనె చుక్కలు వేసి, తలుపును పదిసార్లు తెరచి మూసి, బయటికి వచ్చిన మురికిని తుడిచివేయాలి. పాత గ్రీజు మీద క్రొత్త గ్రీజు పూయడం ధూళికి పడక వేయడమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ ఉద్దానం మీద విరుచుకుపడినది. అటువంటి గాలివాన వెలిసిన తరువాత కారు తలుపు సందులను మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె వేయడం మరువరాదు.

ఇంత శ్రమ ఎందుకు? క్రొత్త బందు కొనరాదా అని అడుగవచ్చు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. అంతకంటె పాత బండ్ల భాగాలు దొరకడం మరింత కష్టం. చట్టం కూడ అసలు రూపానికి విలువనిచ్చినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన నిబంధనల ప్రకారం ఏబది ఏండ్లు దాటి, చట్రములో, శరీరములో, ఇంజనులో పెద్ద మార్పులు లేని సొంత వాడుక వాహనాలు ‘వింటేజి’ వాహనాలుగా నమోదు కాగలవు. బందు మొదలంటా నరికి మరొక కారు బందును అతికించినవారు కారు సాక్ష్యాన్నే చెరిపినవారవుతారు. చీల మార్చినవారు ఆ సాక్ష్యాన్ని నిలిపినవారు.

పాత కారు ఉన్నా లేకున్నా, కొలిచి కారణం తెలుసుకొన్న తరువాతనే చేయి చేసికోవడమనే అలవాటు విద్యార్థులందరికీ అవసరమే. మన పట్టణాల లేతు దుకాణాలలో ఈ పని చూచి నేర్చినవారు ఇంకా ఉన్నారు. వారి పిల్లలలో ఆ పనికి వచ్చేవారు తగ్గుచున్నారు. కళాశాల కమిటీవారు ఒక బెంచి వైస్, ఒక వెర్నియర్ కాలిపర్స్, పాత సామాను అంగడిలో దొరికే నాలుగు అరిగిన బందులు సమకూర్చి, అటువంటి పనివారిని ఒక పూట పిలిపించగలిగితే, తులాదండ సూత్రము నల్లబల్లను దిగి విద్యార్థి చేతిలోనికి వస్తుంది. దానికి అయ్యే వ్యయం స్వల్పము. ఆ పనివారి చేతిలోని విద్య పోయిన తరువాత దానిని ఏ అంగడిలోనూ కొనలేము.